నూటతొంభై మస్టర్ల ఎంబీఏ

సదానందానికి లోకంలో రెండు రకాల మనుషులే తెలుసు. మస్టర్ పడ్డవాళ్లు, పడనివాళ్లు.

గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి గేటు పక్కనున్న టైం ఆఫీసులో ఆయన ఇరవై ఒక్క ఏళ్లుగా క్లర్కు. షిఫ్టుకు వచ్చిన కార్మికుడు కిటికీ ముందు నిలబడి తన నంబరు చెప్తాడు. సదానందం రిజిస్టర్లో ఆ పేరుకెదురుగా గుర్తు పెడతాడు. అదే మస్టర్. అది పడితే ఆ రోజు డ్యూటీ చేసినట్టు, పడకపోతే నాగా. ఆ తర్వాత ఆ మనిషి బాయిలోకి దిగి బొగ్గు తీస్తాడా, పంపు పక్కన గోనెసంచి పరుచుకుని గురక పెడతాడా అన్నది సదానందానికి పట్టదు. ఎవరైనా అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు: "గేటు లోపల మనిషి ఉండాలె. లోపల ఏం చేస్తడన్నది మన డిపార్ట్‌మెంట్ కాదు."

అట్లాగని ఆయన దొంగ లెక్కల మనిషి అనుకునేరు, కాదు. రాని మనిషి వచ్చినట్టు రాయమని ఎంతటి లీడరు వచ్చి భుజం మీద చెయ్యేసినా రాసేవాడు కాదు. కాగితం మీద ఆయనంత నిజాయితీపరుడు ఈ బొగ్గు బెల్టు మొత్తం వెతికినా దొరకడు. కాగితం దాటి ఒక్క అడుగు బయట ఏం జరిగినా ఆయనకు కనబడదు, అంతే. ఇలాంటి మనిషికి నలభై నాలుగో ఏట ఎంబీఏ మీద మనసు పుట్టింది. పుట్టిన రోజు నుంచి ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, వినండి.

రెండు వేల పదకొండు జనవరిలో ఆ బాయికి కొత్త పర్సనెల్ ఆఫీసరు వచ్చాడు. ఇరవై ఐదేళ్ల మనిషి, హైదరాబాదులో ఎంబీఏ చేసి నేరుగా దిగాడు. టైం ఆఫీసులోకి వచ్చి అటూ ఇటూ చూశాడు. ఖాళీ కుర్చీ కనబడలేదు. సదానందాన్ని చూసి, ఒకసారి లేవండి అన్నాడు. సదానందం లేచాడు. ఆయన కూర్చున్నాడు. భార్య యమున పాత చీర ముక్కలతో కుట్టిచ్చిన మెత్త మీద ఆ ఆఫీసరు నలభై నిమిషాలు కూర్చుని రిజిస్టర్లు తిరగేస్తుంటే, సదానందం తన ఆఫీసులో తానే గోడకానుకుని నిలబడ్డాడు. కిటికీ అవతల రెండో షిఫ్టు వాళ్లంతా వరసగా నిలబడి చూశారు. ఆఫీసరు వెళ్లిపోయాక పంపు ఆపరేటరు పోశం కిటికీలోంచి తల లోపలికి పెట్టి, "ఏంది సదన్నా, నీ కుర్చీకి ప్రమోషన్ వచ్చిందా?" అని అడిగాడు. వరస మొత్తం నవ్వింది.

ఆ నవ్వు సదానందానికి తలకొట్టేసినట్టయింది. ఆ వారమంతా సర్క్యులర్ల ఫైలు తిరగేశాడు. కంపెనీలో పనిచేసేవాళ్లు ఎంబీఏ చేసి ఉంటే ఆఫీసరు పోస్టుకు లోపలి పరీక్ష రాయవచ్చునని అందులో ఉంది. కాకపోతే వయసు నలభై ఎనిమిది దాటకూడదు. దూరవిద్యలో ఎంబీఏకు మూడేళ్లు పడుతుంది. వేళ్ల మీద లెక్కేసుకుంటే ఈ ఏడు సీటు తెచ్చుకోవాలి, లేకపోతే జన్మలో లేదు. సీటు కావాలంటే డిసెంబరులో యూనివర్సిటీ వాళ్లు పెట్టే అర్హత పరీక్ష పాస్ కావాలి. దానికి ముందుగా చదువుకోవాలి. ఎనిమిదేళ్లలో ఒక్కో పేపరునూ బతిమాలుకుంటూ బీఏ గట్టెక్కించిన మనిషికి ఈ చివరి మాట కొంచెం కష్టంగానే తోచింది.

మెయిన్ చౌరస్తాలో జిరాక్స్ షాపు మీద మేడమెట్లు ఎక్కితే తాబిష్ కోచింగ్ సెంటర్. తాబిష్ కూడా ఎంబీఏనే. పట్నంలో రెండేళ్లు ఉద్యోగం చేసి, తల్లి అమీరున్నీసా ఒంట్లో బాగుండక ఊరికి తిరిగొచ్చి ఇది పెట్టుకున్నాడు. మంచివాడు, సదానందం వెళ్లి అడిగితే ఓపిగ్గా చెప్పాడు. శాతాలు, నిష్పత్తులు, సగటులు మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలన్నాడు. జమాఖర్చుల మొదటి పాఠాలు రావాలన్నాడు. రోజూ ఒక ఇంగ్లీషు పేరా చదివి, చదివిందేమిటో సొంత మాటల్లో రాసుకోవాలన్నాడు. కంప్యూటర్ మీద లెక్కల పట్టీ వేయడం నేర్చుకోమన్నాడు. "ఎంబీఏల జేరినంక గివన్నీ ఎవ్వరు చెప్పరన్నా. వచ్చనుకొనే షురూ చేస్తరు. ముందుగాల్నే తయారై పోవాలె," అన్నాడు.

సదానందం అంతా విని తలూపి, "ఎన్ని మస్టర్లు పడ్తయ్?" అని అడిగాడు.

తాబిష్‌కు అర్థం కాలేదు. రోజుకు రెండు గంటల చొప్పున ఆర్నెల్ల పైచిలుకు చదవాల్సి ఉంటుందని ఏదో చెప్పాడు. సదానందానికి మాత్రం అంతా అర్థమైపోయింది. బాయిలోపల పనిచేసేవాళ్లకు ఏడాదికి నూటతొంభై మస్టర్లు నిండితే ఆ ఏడు పూర్తిగా పనిచేసినట్టు లెక్క. పైన ఎండలో పనిచేసేవాళ్లకు రెండు వందల నలభై. తాను పైన పనిచేసే మనిషే, నిజమే. కానీ ఈ వయసులో శాతాలు చేయడమంటే బాయిలోపలికి దిగి బొగ్గు కొట్టడం కంటే తక్కువ కష్టమా? కాదు కాబట్టి నూటతొంభై చాలని మేడమెట్లు దిగేలోపే తేల్చేసుకున్నాడు.

ఇక ఏర్పాట్లు చూడాలి. క్వార్టర్ ముందు గదిలో కొత్త టేబుల్ పడింది, టేబుల్ మీద లైటు, గోడకు గడియారం. తాబిష్ చెప్పిన నాలుగు పుస్తకాలకు బ్రౌన్ అట్టలు వేసి, అట్టల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు, క్వార్టర్ నంబరు రాసుకున్నాడు. అన్నిటికంటే ముఖ్యమైనది రిజిస్టర్. నూట నలభై పేజీల రిజిస్టర్ కొని, స్కేలు పెట్టి నిలువు గీతలు, అడ్డగీతలు కొట్టి, పైన 'ఎంబీఏ ముందస్తు చదువు, హాజరుపట్టీ' అని రాశాడు. ఆ గీతలు కొట్టడానికే పది రోజులు పట్టింది. అంత అందమైన రిజిస్టర్ టైం ఆఫీసులో కూడా లేదు. ఈలోపు ఆ వరసలోని క్వార్టర్లకు, పాలబ్బాయికి, హాస్టల్లో చదివే కూతురికి, కిటికీ దగ్గరికొచ్చిన ప్రతి మనిషికి ఎంబీఏ వార్త చేరిపోయింది. అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు.

ఫిబ్రవరి ఒకటిన చదువు మొదలైంది. మొదటి షిఫ్టు మూడింటికి దిగుతుంది, ఇంటికొచ్చి తిని నాలుగింటికి కుర్చీ ఎక్కుతాడు. ముందు రిజిస్టర్ తెరిచి నీలం సిరాతో తన హాజరు వేసుకుంటాడు. తర్వాత పుస్తకం తెరుస్తాడు. నాలుగుంబావుకు ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి క్వార్టర్ల కిటికీలు గలగలమంటాయి. అది కాగానే, ఈ చప్పుళ్లలో మనిషన్నవాడు ఎట్లా చదువుతాడని ఓసారి పైకే అంటాడు. నాలుగున్నరకు గడ్డం ఛాతీకి ఆనుతుంది. ఆరింటికి మెలకువ వచ్చి, పుస్తకం మూసి, డ్యూటీ దిగిన మనిషిలా ఒళ్లు విరుచుకుని టీ అడుగుతాడు. ఆదివారం కూర్చుంటే రెండు మస్టర్లు వేసుకునేవాడు. బాయిలో వారపు సెలవునాడు పనిచేస్తే దాన్ని ప్లే డే అంటారు, దానికి రెట్టింపు కట్టిస్తారు. బాయికున్న న్యాయం ఇంటికి లేకపోతే ఎట్లా?

మూడో వారంలో పెద్ద చిక్కొచ్చి పడింది. పోశం ఇంట్లో దావత్, నాలుగింటికే రమ్మన్నాడు. పోతే నాగా పడుతుంది. ఇరవై ఒక్క ఏళ్లలో తన పేరుకెదురుగా ఖాళీ గడి చూసుకోని మనిషి. పోనీ పోకుండానే హాజరు వేసుకుందామంటే, చెప్పాను కదా, ఆ పని చచ్చినా చేయడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ తెగ మథనపడి, లోపల చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న యమునను పిలిచాడు. బాయిలో పర్మనెంట్ మనిషి రాకపోతే ఆయన స్థానంలో పెట్టే మనిషిని బదిలీ అంటారు. ఆ ఏర్పాటు ఇక్కడా చేసుకుంటే తప్పేముంది?

"ఓ యమునా, జెర నా బదిలీ కూసో. ఆరు దాక."

"కూసొని ఏం జెయ్యాలె? చదువాల్నా, ఉత్తగ కూసోవాల్నా?"

"నీ ఇష్టం. పుస్తకం తెరిచి ఉండాలె, కుర్చీల మనిషి ఉండాలె."

అని, ఆనాటి గడిలో ఎర్ర సిరాతో 'బ' అని రాసి, మనసు తేలికై దావత్‌కు వెళ్లిపోయాడు.

యమున చిక్కుడుకాయల గిన్నె ఒళ్లో పెట్టుకునే కుర్చీలో కూర్చుంది. ఆమె బీకాం. చాలామందికి తెలియదు ఆ సంగతి, అప్పుడప్పుడు ఆమెకే గుర్తుండేది కాదు. తండ్రి రాజం బాయిలో బొగ్గు టబ్బులు నింపి ఆమెను డిగ్రీ దాకా చదివించాడు. బ్యాంకు పరీక్షకు దరఖాస్తు పెట్టుకున్న నెలలోనే టైం ఆఫీసు సంబంధం వచ్చింది. నీడపట్టున ఉండే ఉద్యోగమని అందరూ ముచ్చటపడ్డారు. పరీక్ష నాడు ఆమె చేతులకు గోరింటాకుంది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, కానీ ఆ తారీఖు మాత్రం మరిచిపోలేదు. ఇప్పుడు టేబుల్ మీద జమాఖర్చుల పాఠం తెరిచి ఉంది. వచ్చేది ఎటు రాయాలి, పోయేది ఎటు రాయాలి అన్న మొదటి పేజీ చదివింది. చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. ఆరింటికి లేచేసరికి పెన్సిలుతో నాలుగు లెక్కలు చేసి ఉన్నాయి, మూడు సరిపోయాయి. నాలుగోది ఎందుకు తప్పిందా అని అన్నం వారుస్తున్నంతసేపూ ఆలోచించింది.

ఒకసారి బదిలీ రుచి చూసిన మనిషి ఆగుతాడా? రెండో నాడు నడుము నొప్పన్నాడు. మూడో నాడు యూనియన్ మీటింగ్. ఆ తర్వాత సాకులు చెప్పడం కూడా మానేసి, మూడున్నరకు తిని మంచం మీద వాలి, అక్కడి నుంచే 'కూసో' అనేవాడు. లేచాక మాత్రం రిజిస్టర్ తెచ్చుకుని ఎర్రగా 'బ' వేసేవాడు. బదిలీ మనిషి చేసిన పని అసలు మనిషి స్థానంలోనే కాబట్టి లెక్కకు అదీ తన మస్టరే. యమునకు వీలుకాక, చుట్టాలొచ్చి, ఇద్దరూ కూర్చోని రోజులకు నిక్కచ్చిగా నాగా పెట్టాడు. అదీ ఆయన నిజాయితీ.

యమున కూరగాయలకు వెళ్లినప్పుడల్లా సంచితో మేడమెట్లెక్కి తాబిష్‌ను ఒక్క ప్రశ్న అడిగి వచ్చేది. సగటుకూ మధ్యమానికీ తేడా ఏమిటి, ఈ ఇంగ్లీషు వాక్యంలో చివరి ముక్క ఎందుకుంది, ఇట్లాంటివి. కంప్యూటర్ దగ్గర కూడా అరగంట కూర్చునేది. సదన్నా, అక్క మస్తు మంచిగ అడుగుతదని తాబిష్ ఒకసారి రోడ్డు మీద ఆపి చెప్తే సదానందం మీసం సవరించుకున్నాడు. నా బదిలీ అంటే మరి ఎట్లుండాలె అన్నాడు.

ఆగస్టు ఆఖరుకు నూటతొంభై నిండాయి. తన సొంత హాజర్లు ముప్పై ఆరు. ఆదివారాల రెట్టింపు కలిపితే యాభై ఒకటి. మిగతావన్నీ ఎర్రవే. సదానందం ఆ రోజు టైం ఆఫీసులో అందరికీ మిరపకాయ బజ్జీలు తినిపించి, కోటా అయిపోయిందని ప్రకటించాడు. అంతా చదివేసినవా అన్నా అని పోశం అడిగితే, మస్టర్లు నిండినయ్ అని గంభీరంగా చెప్పాడు. నూటతొంభై నిండినవాడికి కంపెనీ సెలవులిస్తుంది కదా. అందుకని తనకు తానే సెలవు మంజూరు చేసుకున్నాడు. ఆ సెలవుల్లో కుర్చీలో ఎవరు కూర్చున్నారో మీరే ఊహించుకోండి. ఎర్ర 'బ' మాత్రం పడుతూనే ఉంది.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బాయిలన్నీ ఆగిపోయాయి. నెల పైన ఐదు రోజులు బెల్టు మొత్తం రోడ్డు మీదనే ఉంది. సదానందం రోజూ టెంటు కింద కూర్చున్నాడు, నినాదాలిచ్చాడు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఒకనాడు మైకు చేతికొచ్చేసరికి ఊపు తలకెక్కి, సమ్మె ముగిసేదాకా తన ఎంబీఏ చదువు కూడా సమ్మెలోనే ఉంటుందని, పుస్తకం ముట్టేది లేదని చెప్పేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి ఆ దినాలన్నిటికీ గడుల్లో 'స' అని వేసుకున్నాడు. సమ్మె కాలాన్ని డ్యూటీగా లెక్కగట్టాలని అడగడానికి అక్కడ మేనేజ్‌మెంటూ తానే, యూనియనూ తానే కాబట్టి ఆ డిమాండు నిమిషంలో నెగ్గింది. యమున కాలనీ ఆడవాళ్లతో పాటు నడిరోడ్డు మీద వంటావార్పుకు వెళ్లి, పొయ్యి ఊది, కళ్లెర్రగా ఇంటికొచ్చి నాలుగింటికి పుస్తకం తెరిచేది. సమ్మెల చదువుతున్నవేందని అడిగాడు. "సమ్మె చేసింది నువ్వు. బదిలీలకు సమ్మె నోటీసు ఎవలిచ్చిండ్రు?" అంది తలెత్తకుండా. ఆ ముప్పై ఐదు రోజులు ఆమె పేరున ఏ గుర్తూ పడలేదు.

అర్హత పరీక్షకు దరఖాస్తులు వచ్చినప్పుడు సదానందం యమున పేరున కూడా ఒకటి నింపాడు. ఎంత మంచి మొగుడో చూడండి. కరీంనగర్ దాకా ఒక్కడే బస్సులో పోవాలంటే విసుగు, టిఫిన్ డబ్బా పట్టుకోవడానికి మనిషి కావాలి. పరీక్ష హాల్లో పక్కపక్క సీట్లు పడితే అదో ధైర్యం. చూసి రాయడానికి కాదు సుమా, వట్టి ధైర్యానికే. బీకాం సర్టిఫికెట్ జిరాక్స్ కావాలంటే యమున ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసిచ్చింది. దాని మడతల్లో నాఫ్తలిన్ వాసన వచ్చింది.

డిసెంబరు నాలుగు ఆదివారం. కరీంనగర్‌లో హాలు టికెట్లు చూసుకుంటే ఆయన గది కింద, ఆమె గది పైన. సదానందం మెట్ల దగ్గర కాసేపు నిలబడి, టిఫిన్ డబ్బా నువ్వే ఉంచుకో అని, తన గదిలోకి వెళ్లాడు.

మొదటి పది ప్రశ్నలు ఎటుపోయాయో తెలియదు. పదకొండోది చూసి ఆయన ప్రాణం లేచొచ్చింది. ఒక సంస్థలో నాలుగు వందల ఎనభై మంది కార్మికులున్నారు. ఒకనాడు పన్నెండున్నర శాతం గైర్హాజరు. వచ్చినవాళ్లలో మూడో వంతు మొదటి షిఫ్టు. మొదటి షిఫ్టులో ఉన్నవాళ్లెందరు?

ఇది తన ప్రశ్న! రోజూ పొద్దున గేటు దగ్గర నల్లబోర్డు మీద నాగాల శాతం చాక్‌పీసుతో రాసేది తానే. ఇరవై ఒక్క ఏళ్లుగా రాస్తున్నాడు. కానీ ఎట్లా రాస్తాడు? టైం ఆఫీసు టేబుల్ మీద అద్దం ఉంది, అద్దం కింద పాత పట్టిక ఒకటి ఉంది. ఆయనకంటే ముందున్న క్లర్కు ఆగయ్య అది తయారుచేసి రిటైరైపోయాడు. ఎంతమందికి ఎంతమంది రాకపోతే ఎంత శాతమో అందులో రాసి ఉంటుంది. సదానందం తల వంచి అందులో చూసి, బోర్డు మీద రాస్తాడు. ఇప్పుడూ ఆయన తల దానంతటదే కిందికి వంగింది. బల్ల మీద అద్దం లేదు. ఎవరో మేకుతో చెక్కిన పేర్లున్నాయి. వాటినే చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లూ తాను చేసిన పని తనకే రాదని ఆ బల్ల ముందు కూర్చుని తెలుసుకున్నాడు. పక్క వరసలో కూర్చున్న ఇరవై ఏళ్ల పిల్లలు గబగబా పేజీలు తిప్పుతున్నారు. ఆ చప్పుడు బ్లాస్టింగ్ కంటే ఘోరంగా వినిపించింది.

తిరుగు బస్సు సుల్తానాబాద్ దాటాక, ఆ హాజరు లెక్కకు ఎంత పెట్టినవని మెల్లగా అడిగాడు. నూట నలభై అంది యమున. నేను గూడ గంతే అన్నాడు సదానందం కిటికీలోంచి బయటికి చూస్తూ. యమున డబ్బాలో మిగిలిన పులిహోర తీసి చేతికిచ్చింది.

జనవరిలో ఫలితాలొచ్చాయి. తాబిష్ కంప్యూటర్లో రెండు నంబర్లూ కొట్టి, అక్క పాసయిందన్నా అన్నాడు. రెండో నంబరు సంగతి చెప్పలేదు. సదానందం కుర్చీ దగ్గరికి జరుపుకుని, బదిలీ మనిషి చేసిన పని అసలు మనిషి లెక్కలకే వస్తది గదా, ఆ సీటు నా పేరుకు మార్చే ఉపాయం ఏమన్న ఉంటదా తమ్మీ అన్నాడు. నవ్వొస్తోందా? ఆయన నవ్వులాటకు అడగలేదు. కుర్చీ దగ్గర నిలబడ్డ నలభై నిమిషాలు ఆయన కళ్లముందే ఉన్నాయి. తాబిష్ జాలిపడ్డాడు కానీ అబద్ధం చెప్పలేదు.

"బాయిల నడుస్తదేమో అన్నా. చదువుల నడువది."

ఇంటికొచ్చేసరికి నాలుగవుతోంది. యమునకు వార్త అప్పటికే ఫోనులో తెలిసింది. హాస్టల్లో ఉన్న కూతురు దీపతో మాట్లాడి, ఫోను పెట్టి, ముందు గదిలో నిలబడి ఉంది. టేబుల్ మీద ఆయన రిజిస్టర్ తెరిచి ఉంది. సదానందం చెప్పులు విడిచి, తల పట్టుకుని, బీపీ పెరిగి పరీక్ష చెడిందని, ఈ ఏడు ఆమె పేరున చేరితే పుస్తకాలు తాను కూడా చూసుకోవచ్చని, ఏదేదో అంటున్నాడు. యమున అదంతా విని, రిజిస్టర్ ఆయన ముందుకు జరిపింది.

"ఎర్రయి లెక్కవెట్టు," అంది.

లెక్క పెట్టమంటే ఆ మనిషి చేయి ఆగదు. వేలు పెట్టి గడి గడీ లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. రెండుసార్లూ ఒకటే వచ్చింది. పరీక్షకు ముందు రోజుతో సరిగ్గా నూటతొంభై.

"బదిలీకి నూటతొంభై నిండితే మీ ఆఫీసుల ఏం జేస్తరు?"

సదానందం వేలు చివరి ఎర్ర గడి మీదే ఉంది. అట్లాంటి కాగితాలు తన చేత్తో ఎన్ని వందలు తయారుచేశాడో. నూటతొంభై నిండిన బదిలీని ఆపితే ఏమవుతుందో ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు.

"పర్మనెంట్ చేస్తరు."

"మరి చెయ్యి," అంది యమున. "బీకాం పాసయి ఇరవై రెండేండ్లాయె. నా సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెల నీ స్వెటర్ల కింద ఉన్నయ్. ప్రతి చలికాలం స్వెటర్ తీసినవ్ గని, కింద ఏమున్నదని ఒక్కనాడన్న అడుగలే. కూసోమన్నది నువ్వే. నేను ఉత్తగ కూసోలే."

గొంతు పెంచలేదు. కానీ ఆమెకు ఎంత కోపముందో, ఆ కోపానికి ఎంత వయసుందో సదానందానికి అప్పుడు తెలిసింది. కాగితాన్ని కాదనే శక్తి ఆయనకు లేదు. ఆ ఎర్ర గుర్తులన్నీ తన చేతివే. కుర్చీలో కూర్చోబోయి, ఆగి, నిలబడే పెన్ను తీసి, రిజిస్టర్ చివరి పేజీలో ఆఫీసు భాషలో రాశాడు. బదిలీ కార్మికురాలు శ్రీమతి యమున నూటతొంభై మస్టర్లు పూర్తి చేసినందున ఈ కుర్చీ యందు ఆమెను పర్మనెంట్ చేయడమైనది. కింద సంతకం పెట్టి తారీఖు వేశాడు. అక్షరాలు ఎప్పటిలా ముత్యాల్లాగే ఉన్నాయి.

క్లాసులు మొదలుకావడానికి ఇంకా రెండు నెలలుంది. ఈలోపు గణాంకాలు గట్టిపడాలని తాబిష్ చెప్పాడు కాబట్టి యమున చదువు ఆగలేదు. రెండు రోజులు చూసి, మూడో రోజు సదానందం పెద్దమనసుతో, కావాలంటే అప్పుడప్పుడు బదిలీ తాను కూర్చుంటానన్నాడు. చదువుకు బదిలీ అక్కర్లేదని, వంటకు కావాలని యమున చెప్పింది. అంతేకాదు, ఆయన కొట్టిన గీతల్లోనే కొత్త పేజీ తెరిచి, పైన సదానందం అని పేరు రాసి, పక్కన బదిలీ అని హోదా రాసింది. నూటతొంభై నిండితే పర్మనెంట్ సంగతి ఆలోచిస్తానంది.

మర్నాడు నాలుగింటికి సదానందం వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బియ్యం కడిగాడు, ఎసరు పెట్టాడు, స్టవ్ వెలిగించాడు, పేపరు విప్పాడు. నాలుగుంబావుకు కిటికీలు గలగలమన్నాయి. నాలుగున్నరకు గడ్డం ఛాతీకి ఆనింది. ముందు గదిలో మధ్యమానం లెక్క మధ్యలో ఉన్న యమునకు మాడువాసన వచ్చింది. వచ్చి స్టవ్ ఆపి, మూత తీసి, గిన్నె అడుగున నల్లగా అంటుకున్నదాన్ని గరిటెతో గీకి చూసింది. తర్వాత వెళ్లి రిజిస్టరూ ఎర్ర పెన్నూ తెచ్చింది. ఉలిక్కిపడి లేచిన సదానందం ఆ పెన్ను చూసి కంగారుపడ్డాడు.

"నాగా ఎట్ల వేస్తవే? నాలుగు కొట్టిన కాడికెల్లి గీ స్టూలు మీదనే ఉన్న. గేటు లోపల మనిషి ఉన్నడా లేడా?"

"ఉన్నడు," అంది యమున నాగా వేస్తూ. "నా బాయిల మనిషిని చూడ. అన్నం చూస్త."